నరాల చరిత్రలో నల్లగొండ నీళ్ళు

మన ఆధునిక కవిత్వంలో నరాలకు కొదవలేదు. నరాలు బిగుసుకుంటాయి, నరాలు జివ్వుమంటాయి, నరనరానా ఆవేశం పాకుతుంది. కథల్లో కోపం వచ్చినవాడి కణతల దగ్గర నరం ఉబ్బుతుంది. అయితే కణతల దగ్గర ఉబ్బేది రక్తనాళం; చేతిని ఎత్తించేదీ, కాలిని కదిలించేదీ వేరొకటి. ఈ రెంటికీ మన భాష ఒకే మాట వాడుతుంది. ఇది పదాల తగాదా మాత్రమే అయితే నిఘంటుకారులకు వదిలేసి ఊరుకోవచ్చు. కాని శరీరంలో కబురు ఎలా నడుస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో మనం పట్టించుకోకపోవడం వల్ల మన పక్కనే జరిగిన ఒక పెద్ద అన్యాయం దశాబ్దాల తరబడి 'ఖర్మ' అనీ 'వాతం' అనీ చలామణీ అయింది. ఆ చరిత్ర రచయితలకూ, సాహిత్య విద్యార్థులకూ తెలియవలసిన అవసరం ఉందని నమ్మి ఈ వ్యాసం రాస్తున్నాను.

ముందు మాట సంగతి చూద్దాం. తెలుగులో 'నరం' అంటే రక్తనాళం, కండను ఎముకకు కట్టే తాడు, మెదడు కబురు మోసే తీగ - మూడూను. 'నాడి' అంటే మొదట గొట్టం. పాఠ్యపుస్తకాలు 'నాడీ మండలం' అని కొత్త అర్థంలో రాయడం మొదలుపెట్టాక కూడా పల్లెలో నాడి అంటే వైద్యుడు మణికట్టు దగ్గర పట్టి చూసేదే. ఇది తెలుగువాళ్ళ వెనుకబాటుతనమని ఎవరూ చిన్నబుచ్చుకోనక్కర లేదు. గ్రీకు భాషలో 'న్యూరాన్' అన్న మాటకూ పాత అర్థం కండర తాడు, వింటినారి. శరీరాన్ని కోసి చూడనంత కాలం ఏ జాతికైనా తాడూ తీగా ఒకటిగానే కనిపించాయి. కోసి చూడడం, కొలిచి చూడడం అనే పనులు వచ్చాకే అర్థాలు విడిపోయాయి. మాట వెనుక ఎప్పుడూ పని ఉంటుంది.

ఆ గ్రీకు మాట ఇవాళ హైదరాబాదులో మైత్రీవనం గోడల మీద కనిపిస్తుంది. అమీర్‌పేట కంప్యూటరు శిక్షణ కేంద్రాల బోర్డుల మీద 'న్యూరల్ నెట్‌వర్క్స్' అని పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది. జిల్లాల నుంచి వచ్చిన యువకులు ఇరుకు హాస్టళ్ళలో ఉంటూ, నాడీకణాల పనితీరు చూసి అల్లిన ఆ లెక్కలను యంత్రానికి నేర్పే విద్య నేర్చుకుంటున్నారు. అక్కడికి రెండు కిలోమీటర్ల దూరంలో, పంజాగుట్టలో నిమ్స్ ఆసుపత్రి ఉంది. నిజాం ధర్మనిధి కట్టించిన ఎముకల ఆసుపత్రి పెరిగి పెద్దదై, 1989 చట్టంతో విశ్వవిద్యాలయ ప్రతిపత్తి పొందిన సంస్థ అది. దాని మొదటి సంచాలకుడు కాకర్ల సుబ్బారావు ఎక్స్‌రే శాస్త్రంలో నిపుణుడు. ఆ యువకుల జిల్లాల నుంచే వారి తాతల వయసువాళ్ళు నడుం వంగి, కాళ్ళు బిగిసి అక్కడి నరాల విభాగానికి వస్తూ వచ్చారు. ఒకే మాటకు ఈ రెండు గుమ్మాల దగ్గర రెండు బతుకులు. నేను మాట్లాడదలచింది రెండో గుమ్మం గురించి.

దానికి ముందు, నరంలో కబురు ఎలా నడుస్తుందో టూకీగా చెప్పుకోవాలి. 1791లో ఇటలీలో గాల్వానీ చచ్చిన కప్ప కాలు విద్యుత్తు తగిలితే కదులుతుందని ప్రకటించాడు. అంతవరకూ నరాల్లో ప్రవహించేది ఏదో 'ప్రాణవాయువు' అని నమ్మిన యూరపు భావవాదానికి అది మొదటి దెబ్బ. నరంలో కబురు వేగాన్ని కొలవడం మనిషి తరం కాదని పండితులు అనుకుంటున్న రోజుల్లో, 1850లో హెల్మ్‌హోల్ట్జ్ కప్ప నరం మీదనే కొలిచి చూపాడు. సెకనుకు ముప్ఫై మీటర్ల లోపు. రైలుబండితో పోల్చదగిన వేగం! మనసు క్షణంలో లోకాలు చుట్టి వస్తుందని నమ్మేవాళ్ళకు ఇది మింగుడు పడలేదు. సంకల్పానికీ చేతి కదలికకూ మధ్య కాలం ఉంది, దూరం ఉంది, దారి ఉంది. దారి ఉన్నదంటే దాన్ని మూసివేయడమూ సాధ్యమే.

తర్వాతి వందేళ్ళలో ఆ దారి స్వరూపం తేలింది. నాడీకణాలు ఒకదానికొకటి అతుక్కుపోయిన వల కాదనీ, వేర్వేరు కణాలనీ స్పెయిన్ శాస్త్రజ్ఞుడు కహాల్ 1888 నుంచి చూపుతూ వచ్చాడు. రెండు కణాల నడుమ సందును దాటడానికి కబురు రసాయనంగా మారుతుందని 1921లో ఓటో లోవీ కప్ప గుండెలతో నిరూపించాడు. 1952లో హాడ్జ్‌కిన్, హక్స్‌లీలు ఒక సముద్రజీవి లావుపాటి నాడీతంతువు మీద పనిచేసి కబురు లెక్క తేల్చారు. ఊరుకున్న నాడీకణం లోపలివైపు బయటికంటే సుమారు 70 మిల్లీవోల్టులు రుణవిద్యుత్తుతో ఉంటుంది. ప్రేరణ తగలగానే పొరలోని ద్వారాలు తెరుచుకుని సోడియం అయాన్లు లోపలికి దూకుతాయి. వెంటనే పొటాషియం అయాన్లు బయటికి పోతాయి. ఆ కదలిక పక్క భాగాన్ని రేపుతుంది, అది దాని పక్కదాన్ని రేపుతుంది. కొవ్వు తొడుగు ఉన్న లావు తంతువుల్లో ఇది సెకనుకు వంద మీటర్ల వరకూ పరుగెడుతుంది. తొడుగు లేని సన్నని నొప్పి తంతువుల్లో మీటరు, రెండు మీటర్లు నడుస్తుంది. వేలికి దెబ్బ తగిలినప్పుడు తగిలిన సంగతి ముందు తెలిసి, సలుపు తర్వాత రావడానికి కారణం ఇదే.

లోపలికి వచ్చిన సోడియాన్ని తిరిగి బయటికి తోడాలి. ఆ తోడకానికి ఖర్చయ్యే ఇంధనం ఏ.టి.పి. దాన్ని 1929లో కండరం నుంచి గుర్తించినవారిలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఉన్నాడు. హార్వర్డ్‌లో ఫిస్క్‌తో కలిసి ఆ పని చేశాడు. అదే సంవత్సరం జర్మనీలో లోమాన్ కూడా విడిగా దాన్ని కనుక్కున్నాడు. మనిషి ఆలోచించినా, అడుగు వేసినా, ఊరికే కూర్చున్నా ఆ ఇంధనం ఖర్చవుతూనే ఉంటుంది. ఆత్మబలం అని మనం గొప్పగా చెప్పుకునేదానికి కూడా అన్నం, నీళ్ళూ కావాలి.

ఈ కబుర్లన్నిటికీ రాజమార్గం వెన్నుపాము. పెద్దవాళ్ళలో సుమారు 45 సెంటీమీటర్ల పొడవు, చిటికెనవేలంత లావు. వెన్నుపూసల నడుమ ఉన్న ఎముక సొరంగంలో అది భద్రంగా ఉంటుంది. 31 జతల నరాలు దాని నుంచి చీలి, పూసల సందుల్లోంచి ఒంట్లోకి పోతాయి. మెదడు కిందికి పంపే కబుర్లలో 'కదులు' అనేవే కాక, 'ఆగు' అనేవీ ఉంటాయి. వెన్నుపాముకు సొంతంగా కండను బిగించే స్వభావం ఉంది; మోకాలి కింద చిన్న సుత్తితో కొడితే కాలు ఎగరడం ఆ స్వభావమే. దాన్ని అదుపులో ఉంచేది పైనుంచి వచ్చే 'ఆగు' అనే కబురు. పై దారి మెల్లమెల్లగా మూసుకుపోతే కాళ్ళు సడలిపోవు, బిర్రబిగుస్తాయి. మనిషి కర్రలాంటి కాళ్ళతో, కత్తెర పడినట్టు అడుగులేస్తాడు. చివరకు మూత్రం మీదా అదుపు తప్పుతుంది. చూసేవాళ్ళు 'నరాలు పట్టేశాయి' అంటారు. పట్టింది కాలి నరాలను కాదు. అడ్డం పడింది మూడడుగుల పైన, మెడలోనో వీపులోనో.

శరీరాన్ని నరాలు ఎలా ఏలుతాయన్న ప్రశ్నతో హైదరాబాదుకు పాత సంబంధమే ఉంది. మత్తుమందుగా వాడే క్లోరోఫారం మనిషిని చంపినప్పుడు ముందు గుండెను ఆపుతుందా, శ్వాసను ఆపుతుందా అన్న వివాదం 19వ శతాబ్దిలో యూరపు వైద్యులను చీల్చింది. రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ కోరికపై 1888లో ఒకటి, 1889లో మరొకటి - రెండు క్లోరోఫారం కమిషన్లు ఇక్కడ పనిచేశాయి. రెండోదానికి లండన్ నుంచి లాన్సెట్ పత్రిక పంపగా లాడర్ బ్రంటన్ వచ్చాడు. ఖర్చు ఆరో నిజాం ఖజానా భరించింది. వందలాది జంతువుల మీద ప్రయోగాలు చేసి, ముందు ఆగేది శ్వాసేనని తేల్చారు. 1911లో లెవీ అనే శాస్త్రజ్ఞుడు క్లోరోఫారం నేరుగా గుండె లయను చెడగొట్టి కూడా చంపగలదని చూపడంతో ఆ తీర్పు నిలవలేదు. అది వేరే కథ. నాకు ముఖ్యమనిపించేది ఒకటి. నిజాం ఖజానాకు లండన్ సర్జన్ల ప్రశ్న వినిపించింది. ఆ ఖజానాకు శిస్తు కట్టే నల్లగొండ రైతు ఒంటి మీది ప్రశ్న వినిపించలేదు. నీటిలోని ఫ్లోరైడ్ పళ్ళను పాడుచేస్తుందని 1931 దాకా ప్రపంచంలో ఎవరికీ రూఢిగా తెలియదు కనుక ఆనాటి పాలకులను ఆ ఒక్కదానికి తప్పుపట్టలేం. కాని ఎవరి ప్రశ్నకు ప్రయోగశాల తలుపు తెరుచుకుంటుంది అన్న విషయం ఎప్పుడూ చరిత్రకు సంబంధించినదే.

ఆ ప్రశ్న మొదట వినపడింది నెల్లూరు జిల్లాలో. పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాలు అప్పుడు మద్రాసు రాష్ట్రపు నెల్లూరు జిల్లాలో ఉండేవి. 1970లో ఏర్పడిన ఒంగోలు జిల్లాలో చేరాయి, ఆ జిల్లాకే 1972లో ప్రకాశం పేరు వచ్చింది. అక్కడ 1930ల మొదట్లో రైతులు ఒక సంగతి గమనించారు. దుక్కిటెడ్లు కొన్నేళ్ళకే కీళ్ళు బిగిసి నడవలేకపోతున్నాయి. తర్వాత అదే తీరు మనుషుల్లోనూ కనిపించింది. మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్ నుంచి షార్ట్, పండిట్, రాఘవాచారి వెళ్ళి నీళ్ళు పరీక్షించారు. మద్రాసు వైద్యులు మెక్‌రాబర్ట్, బర్నార్డ్, మన్నాడి నాయర్‌లతో కలిసి షార్ట్ రోగుల ఎముకలను ఎక్స్‌రే తీయించి చూశాడు. 1937లో ఫలితాలు అచ్చయ్యాయి. ఎముకల ఫ్లోరోసిస్ మన దేశంలో ఉన్నదని, అది వెన్నుపామును నొక్కి మనిషిని అవిటివాణ్ణి చేస్తున్నదని వైద్యలోకానికి తెలిసింది అప్పుడే. శాస్త్రజ్ఞుల పేర్లు పత్రికల్లో ఉన్నాయి. ఎద్దు నడకలో తేడా కనిపెట్టిన రైతు పేరు ఎక్కడా లేదు.

ఇది జరిగే తీరు తెలుసుకుంటే జబ్బుకూ శ్రమకూ ఉన్న సంబంధం అర్థమవుతుంది. నల్లరాతి నేలల్లో లోతు నీటిలోకి రాళ్ళ నుంచి ఫ్లోరైడ్ కరిగి వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. అది దాటిన నీళ్ళు ఏళ్ళ తరబడి తాగితే ఫ్లోరైడ్ ఎముక ఖనిజంలో చేరి ఉండిపోతుంది. పిల్లల పళ్ళు గోధుమరంగు చారలు పడతాయి. పెద్దల ఎముకలు లావెక్కుతాయి. పూసలను కలిపి కట్టే మెత్తని బంధాలు కూడా ఎముకగా మారతాయి. వెన్నుపాము ఉన్న సొరంగం ఇరుకైపోతుంది. నరాలు బయటికి వచ్చే కిటికీలు మూసుకుంటాయి. కబురు పుడుతూనే ఉంటుంది. మెదడు చెడదు, కండ చెడదు. నడిమి దారి బిగుసుకుంటుంది.

నరాల శస్త్రవైద్యుడు, నిమ్స్ సంచాలకుడిగా పనిచేసిన డి. రాజారెడ్డి ఈ రోగులను ఎన్నో ఏళ్ళు పరిశీలించి, 2009లో న్యూరాలజీ ఇండియా పత్రికలో తన అనుభవ సారం రాశాడు. నరాలకు జరిగే హాని ఎముక ఒత్తిడి వల్ల జరిగేదేనని, ఫ్లోరైడ్ నేరుగా నరాన్ని చంపుతున్నదనడానికి ఆధారం లేదని ఆయన నిర్ణయం. జబ్బు ముదరడానికి తోడ్పడేవాటిలో వేడి వాతావరణం, పోషకాహార లోపం, మూత్రపిండాల జబ్బులతో పాటు కఠినమైన శారీరక శ్రమను కూడా ఆయన లెక్కించాడు. శస్త్రచికిత్స చేయగలిగింది కొంతేననీ, రాకుండా చూడడమే మార్గమనీ చెప్పాడు. ఇందులో 'కఠినమైన శారీరక శ్రమ' అన్న మాట దగ్గర సాహిత్యకారులు ఒక్క క్షణం ఆగాలి. ఎండలో పనిచేసేవాడికి చెమట ఎక్కువ, దాహం ఎక్కువ. నీడలో కూర్చున్నవాడు రెండు చెంబులు తాగిన చోట కూలివాడు ఆరు చెంబులు తాగుతాడు. ఒకే బావి, ఒకే నీళ్ళు. విషం మాత్రం పనిని బట్టి పంపిణీ అయింది. పాలూ గుడ్డూ దొరికిన ఒళ్ళు కొంత తట్టుకుంది, జొన్నగటకతో గడిపిన ఒళ్ళు తట్టుకోలేదు. వర్గం అనే మాటను మనం ఆర్థికశాస్త్రంలోనే చదువుకుంటాం. అది ఎక్స్‌రే పటంలో కూడా కనిపిస్తుంది.

నల్లగొండ సంగతికి వస్తే, 1945లోనే నైజాం ఇలాకాలో ఫ్లోరోసిస్ గురించి ఇండియన్ మెడికల్ గెజెట్‌లో వ్యాసం వచ్చింది. 1955లో సిద్దిఖీ నల్లగొండ జిల్లా ఫ్లోరోసిస్ గురించి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశాడు. 1973లో హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు కృష్ణమాచారి, కృష్ణస్వామి యువకుల్లో మోకాళ్ళు లోపలికి వంగిపోవడాన్ని లాన్సెట్‌లో వివరించారు. పటికా సున్నమూ కలిపి ఫ్లోరైడ్‌ను పేరబెట్టి వేరుచేసే పద్ధతిని నాగపూర్‌లోని నీరీ సంస్థ రూపొందించింది. ప్రపంచమంతటా దాని పేరు 'నల్లగొండ టెక్నిక్'. ఊరు పేరు దేశదేశాల పుస్తకాల కెక్కింది. ఊరికి మాత్రం మంచినీళ్ళు ఎక్కలేదు.

1946 నుంచి 1951 దాకా భూమి కోసం సాయుధంగా పోరాడిన నేల అది. 1955 డిసెంబరులో శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్ ఆ జిల్లా అంచునే ఉంది. ఎడమ కాలువ మిర్యాలగూడ వైపు పొలాలను తడిపింది. ఎత్తున ఉన్న మునుగోడు, మర్రిగూడ, దేవరకొండ ప్రాంతాలకు కృష్ణ నీళ్ళు ఎక్కలేదు. అక్కడ బావులు ఎండినకొద్దీ బోరింగులు దిగాయి. ఎంత లోతుకు దిగితే నీళ్ళు అంత ఎక్కువసేపు రాతిలో నానినవి.

1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ స్థానానికి 480 మంది పోటీ చేశారు. జలసాధన సమితి పిలుపుతో నీళ్ళ కోసం నామినేషన్లు వేసిన సామాన్యులు వాళ్ళలో అత్యధికులు. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది. పోలింగు వాయిదా పడింది. దేశమంతా దాన్ని వింతగా చెప్పుకుంది. నాకు అది వింతగా తోచదు. పొదిలి నుంచి 1937లో బయలుదేరిన కబురుకు అరవై ఏళ్ళయినా బదులు రాకపోతే, జనం దాన్ని 480 గొంతులతో మళ్ళీ పంపారు. నరం లేని నాలుకతో వాగ్దానాలు చేసిన నాయకులు అప్పటికి ఎందరో వచ్చిపోయారు.

ఇక సాహిత్యం మాట. నేను కొంతకాలం నల్లగొండ జిల్లా పడమటి మండలాల్లో పనిచేశాను. తరగతిలో పెదాలు బిగించి నవ్వే పిల్లలు నాకు బాగా తెలుసు. పళ్ళు కనిపిస్తాయని వాళ్ళ బెదురు. పిలిస్తే మెడ తిప్పలేక మనిషి మొత్తంగా తిరిగి చూసే ముసలివాళ్ళు తెలుసు. వాళ్ళ మాటల్లో 'ఫ్లోరిన్ నీళ్ళు' అన్న స్పష్టమైన పేరు ఉంది. మన పత్రికలు మాత్రం దాన్ని 'ఫ్లోరైడ్ భూతం', 'ఫ్లోరైడ్ రక్కసి' అని రాశాయి. పూర్వం 'వాతం', 'పూర్వజన్మ పాపం' అన్నారు. ఆధునికులమైన మనం 'రక్కసి' అన్నాం. తేడా ఎంత? భూతానికి బాధ్యత ఉండదు, బడ్జెట్ ఉండదు, ఫైలు ఉండదు. రాతి నుంచి నీటికి, నీటి నుంచి ఎముకకు, ఎముక నుంచి వెన్నుపాముకు సాగిన దారిలో ప్రతి మలుపూ తెలిసి కూడా దాన్ని రక్కసి అనడం అలంకారం కాదు, తప్పించుకోవడం.

సానుభూతి రచనల్లో ఇంకో లోపం ఉంది. కర్ర ఊతంగా నడిచే వంగిన మనిషిని మనవాళ్ళు జాలిగొలిపే చిత్రంగా నిలబెట్టి ఊరుకుంటారు. ఆ మనిషి లోపల ప్రతి క్షణం ఏం జరుగుతున్నదో ఊహించరు. లేవాలని అతను తలపెడతాడు, కబురు బయలుదేరుతుంది, మెడ దాటదు. అతని సంకల్పం పూర్తిగా బతికే ఉంది. అతన్ని 'జీవచ్ఛవం' అని రాసిన రచయిత అతనిలో చావనిదాన్నే చంపేశాడు. కొడవటిగంటి కుటుంబరావు కథలతో పాటు సైన్సు వ్యాసాలు రాసినవాడు. నండూరి రామమోహనరావు విజ్ఞానాన్ని నవల చదివించినట్టు చదివించాడు. ఆ వారసత్వం మనకుంది. శరీరం పనితీరు తెలిసిన రచయితకు ఇలాంటి పాత్ర జాలి వస్తువుగా మిగిలిపోడు. నడవలేని మనిషి ఓటు వేయడానికి ఎలా వెళ్ళాడు, పింఛను కాగితం మీద వేలు ఎలా వేశాడు, భార్య అతన్ని రాత్రిపూట ఎన్నిసార్లు ఒత్తిగిలిపెట్టింది అన్న వివరాల్లోకి కథ వెళుతుంది.

2016లో తెలంగాణ ప్రభుత్వం మిషన్ భగీరథ మొదలుపెట్టింది. నదుల నీళ్ళు పైపుల్లో ఆ ఊళ్ళకు చేరాయి. ఇది చిన్న మార్పు కాదు. అందుకు కారణం ప్రభుత్వమే అనుకోకుండా, దశాబ్దాల ప్రజాందోళనను కూడా లెక్కలో వేసుకోవాలి. ఇవాళ పుట్టిన పిల్ల మంచినీళ్ళు తాగితే ఆమె పళ్ళు తెల్లగా వస్తాయి, ఆమె వెన్నుపాము దారి తెరిచే ఉంటుంది. అయితే ఎముకలో చేరిన ఫ్లోరైడ్ తేలిగ్గా దిగిపోదు. నలిగిన వెన్నుపాములోని తంతువులు చేతి నరాల్లాగా మళ్ళీ పెరగవు. కహాల్ నూరేళ్ళ కిందటే ఆ కఠిన సత్యాన్ని రాశాడు. అందుచేత నీళ్ళు వచ్చిన రోజు జబ్బు చరిత్ర ముగిసిన రోజు కాదు. ఇప్పటికే వంగిన నడుములకు కావలసింది మంచం పుండ్లు పడకుండా చూసే మనిషి, కాళ్ళకు క్రమం తప్పని వ్యాయామ చికిత్స, హైదరాబాదు దాకా రానక్కర లేకుండా దగ్గర్లో నరాల వైద్యుడు, బతకగలిగినంత పింఛను. కుళాయి బిగించి ఫైలు మూసేయాలనుకునే ప్రభుత్వాలకు ఈ జాబితా గుర్తుచేయడానికి శాస్త్రవేత్తల గొంతు ఒక్కటీ చాలదు. 1937లో వాళ్ళు చెప్పవలసింది చెప్పారు. ఆ చెప్పినదాన్ని తెలుగులో, జనం నోట నిలిచే మాటల్లో, వినకుండా ఉండలేనట్టు చెప్పడం మన పని. అది ఇంకా చాలావరకు మిగిలే ఉంది.